ఆ డాడ్జ్ రెక్కర్ కొనేముందు

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇక్కడ పెట్టిన మ్యాచ్‌బాక్స్ బొమ్మ బండి, 13వ నంబరు డాడ్జ్ రెక్కర్ (చెడిపోయిన బళ్లను లాక్కెళ్లే లారీ) ఫొటో చూసి కొందరు అప్పుడే బేరాలు మొదలుపెట్టారు. కాస్త ఆగండి.

మ్యాచ్‌బాక్స్ బొమ్మలు చేసిన ఇంగ్లండ్ లెస్నీ కంపెనీ 1965లో తెచ్చిన ఈ బండికి మామూలుగా క్యాబిన్ పసుపు, వెనక భాగం ఆకుపచ్చ, పక్కన బీపీ అనే పెట్రోలు కంపెనీ గుర్తు. ఫొటోలో ఉన్నట్టు రంగులు తారుమారైనవి చాలా అరుదు. అందుకే వాటికి నకిలీలూ ఎక్కువే. బండిని తిరగేసి, అడుగు రేకును బిగించే రివెట్టు చూడండి. ఫ్యాక్టరీలో నొక్కినదైతే నున్నగా ఉంటుంది. డ్రిల్లుతో విప్పి మళ్లీ అతికించినదైతే చుట్టూ గీతలు, ఎండిన జిగురు కనిపిస్తాయి.

నేనూ ఒకసారి బోల్తా పడ్డవాణ్ణే. ఓ బొమ్మ బండిని అరుదైన లేత నీలం రకం అని ఒకాయన చెబితే నమ్మి, అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి చక్రాల సందులోంచి టార్చి వేస్తే లోపలంతా ముదురు నీలమే! అది అరుదైన రకమేమీ కాదు, ఏళ్ల తరబడి ఎండ తగిలి వెలిసిన రంగు. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అన్నట్టు, ఇంగ్లండ్ బొమ్మ కార్ల బ్రాండు డింకీ పాత అచ్చులతో కలకత్తాలో చేసిన నిక్కీ టాయ్స్ బళ్ల లెక్క వేరు. వాటి రంగుల్ని ఇంగ్లండ్ కేటలాగుతో పోల్చకండి.

ఫొటో పెట్టినవారు అడుగుభాగం కూడా దగ్గరగా తీసి పంపండి. అప్పటిదాకా ఎవరూ అడ్వాన్సు కొట్టొద్దు.