బోర్డును అప్పుడే బొందపెట్టకు

అరేయ్,

నీ ఉత్తరం అందింది. మంచిర్యాల షాపాయన "మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో" అన్నాడని అంత టెన్షన్ ఎందుకు రా? బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం, దాని అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే సాధారణంగా పోయేది బోర్డు కాదు, ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో రాసి ఉన్న ఆ ప్రోగ్రామే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ తెర మీద ఏమీ రావట్లేదు అన్నావు చూడు, అది ఈ జబ్బే అనిపిస్తోంది. బోర్డు మీది చిన్న బ్యాటరీ సెల్ తీసి పెట్టినా లాభం లేదన్నావు. ఉండదు మరి, సెల్ తీస్తే సెట్టింగులు పోతాయి గానీ చెరిగిపోయిన కోడ్ తిరిగి రాదు.

చిప్ మీది నంబరు చూసి రాయి. విన్‌బాండ్ వాళ్లదైతే 25క్యూ64 అనో 25క్యూ128 అనో ఉంటుంది, ఆ 64, 128 మెగాబిట్లు, అంటే 8 ఎంబీ, 16 ఎంబీ. పాత బోర్డుల్లో చాలా వాటికి చిప్ సాకెట్లో ఉండేది, లాగితే చేతికొచ్చేది, ఇంకోటి రాయించి పెట్టుకుంటే పని అయిపోయేది. ఇప్పుడు ఎక్కువగా బోర్డుకే టంకం వేసేస్తున్నారు, నాలుగు పైసలు మిగుల్చుకోవడానికి కాకపోతే ఇంకెందుకు! అలాంటి దానికి సీహెచ్341ఏ ప్రోగ్రామర్, అంటే చిప్‌లో కోడ్ చదివి రాసే చిన్న పరికరం, చిప్ కాళ్లను పట్టుకునే క్లిప్పు కావాలి. ఒక్క జాగ్రత్త: కొన్ని చిప్‌లు 1.8 వోల్టులవి, వాటికి అడాప్టర్ లేకుండా 3.3 ఇచ్చావంటే చిప్ కాలిపోవచ్చు. రాసే ముందు చిప్‌లోని పాత కోడ్‌ను రెండుసార్లు చదివించి, రెండూ ఒకటేనా చూసి దాచిపెట్టు. కొన్ని బోర్డుల్లో నెట్‌వర్క్‌లో బోర్డును గుర్తుపట్టే మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబరు కూడా అందులోనే ఉంటాయి, చెరిపేస్తే మళ్లీ వెతుక్కోవాలి. ఏసస్ బోర్డయితే వాళ్ల సైట్లో బయోస్ కోసం దొరికే క్యాప్ (.CAP) ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కించకు, చాలావాటిలో ముందు 2048 బైట్ల హెడర్ అదనంగా ఉంటుంది, అది తీసేస్తేనే చిప్ సైజుకు సరిపోతుంది.

గిగాబైట్ వాళ్ల డ్యుయల్ బయోస్ గురించి అడిగావు కదా. బోర్డు మీద రెండు చిప్‌లుంటాయి, మొదటిది చెడితే రెండోదాంతో లేచి మొదటిదాన్ని మళ్లీ రాసుకుంటుంది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్, అదే చెర్నోబిల్ అనేవాళ్లు, ఎన్నో కంప్యూటర్లలో బయోస్‌నే చెరిపేసిందిగా, అలాంటి వాటికి ఇది మంచి మందు. కానీ మొదటి చిప్ పూర్తిగా చావకుండా సగం లేచి ఆగిపోతే ఈ ఏర్పాటు ఒక్కోసారి తికమకపడుతుంది. అందుకే నా ఓటు కొన్ని బోర్డుల మీదుండే ఫ్లాష్‌బ్యాక్ బటన్‌కే, అది పెన్‌డ్రైవ్ నుంచి బయోస్‌ను నేరుగా చిప్‌లో రాసేస్తుంది. ప్రాసెసర్ లేకపోయినా, ర్యామ్ లేకపోయినా, ఎస్ఎంపీఎస్, అదే బోర్డుకు కరెంటిచ్చే డబ్బా, తగిలించి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వాళ్లు చెప్పిన పేరుతో ఫైలు పెట్టి బటన్ నొక్కితే చాలు. మన దగ్గర కరెంటు తీరు తెలిసిందే, ఈసారి కొంటే ఆ బటన్ ఉన్నదే కొను. ఎలాగూ అప్‌డేట్ చేసేముందు యూపీఎస్‌కు పెట్టు.

హన్మకొండ చౌరస్తా దగ్గర నాకు తెలిసిన రిపేరు అతని దగ్గర ప్రోగ్రామర్, క్లిప్పు రెండూ ఉన్నాయి. ఆదివారం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేటలో దిగు, నేను బండి తెస్తాను. బోర్డుతో పాటు ప్రాసెసర్, ర్యామ్ కూడా తీసుకురా, ఎస్ఎంపీఎస్ మాత్రం మోయకు, నా దగ్గరుంది.