సత్తుగిన్నెలు పారేసే ముందు

ఒరేయ్ సత్యం,

అమ్మగారి మతిమరుపుకి సత్తుగిన్నెలే, అంటే అల్యూమినియం గిన్నెలే, కారణమని ఎవరో అన్నారనీ, అన్నీ మూటగట్టి పాత సామాన్లకి వేసేస్తాననీ రాశావు. వేసేయ్, నాకేం అభ్యంతరం లేదు. ఆవిడ జ్ఞాపకం దాంతో తిరిగొస్తుందని మాత్రం అనుకోకు.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదులే. 1965లో కుందేళ్ల మెదడుకి అల్యూమినియం లవణం ఎక్కిస్తే నాడీకణాల్లో పోగులు చిక్కుపడ్డాయి. 1970ల్లో డయాలసిస్ రోగులకి మాట తడబడి, మతి తప్పి, ఫిట్స్ వచ్చేవి. వాడిన నీళ్లలోని అల్యూమినియం తిన్నగా రక్తంలో కలిసేది. నోటితో తిన్నదాంట్లో ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు, అదీ కిడ్నీలు బాగుంటే మూత్రంలో పోతుంది. అయినా పులుపుకి లోహం కరుగుతుంది కాబట్టి సత్తుగిన్నెలో పులుసు రాత్రంతా ఉంచకు. పులస పులుసు మర్నాడే రుచి అంటావుగా, మట్టి దాకలో పెట్టుకో.

కాలవకి ఎర్రనీరొచ్చినప్పుడు బిందెలో తిప్పే పటికలోనూ అల్యూమినియమే ఉంది. అది మట్టిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. రెండు చుట్లు తిప్పి తీసేసి, గంటసేపు కదపకుండా ఉంచి, పైతేట వంచి వడగట్టండి. తేరలేదని మళ్లీ మళ్లీ తిప్పితే ఎక్కువైంది నీళ్లలోనే మిగులుతుంది. తాగే నీళ్లలో లీటరుకి 0.03 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీరు దొరక్కపోతే 0.2 వరకు పర్లేదనీ మన ప్రమాణం.

వయసుతో మెదడులో నిజంగా పేరుకునేది ఇనుము. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో కొన్ని చోట్ల ఇంకాస్త ఎక్కువ. అయితే తీసేస్తే సరి అనిపిస్తుంది కదా? ఆస్ట్రేలియాలో డెఫెరిప్రోన్ మాత్రలిచ్చి చూశారు, 2024లో ఫలితాలొచ్చాయి. ఇనుమైతే తగ్గింది, రోగుల తెలివి మాత్రం మాత్రలు వేసుకోనివాళ్లకంటే తొందరగా క్షీణించింది. కణానికి శక్తి తయారవ్వాలన్నా ఇనుము కావాలి మరి. అందుకే "లోహాలు కడిగేసే" సెలైన్లంటూ ఎవరైనా చెబితే ఆ గుమ్మం ఎక్కకు.

లోహం తీస్తే నయమయ్యే జబ్బు ఒకటుంది, విల్సన్ జబ్బు. అందులో కాలేయం రాగిని బయటికి పంపలేదు. అది ఎక్కువగా కుర్రతనంలోనే బయటపడుతుంది, చేతులు వణుకుతాయి, కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపిస్తుంది. అమ్మగారి వయసులో ముందు అనుమానించాల్సింది అది కాదు.

ముందు బి12 చూపించు. ఆ విటమిన్ నడుమ ఉండేదీ ఒక లోహమే, కోబాల్ట్. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకి అది తగ్గిపోతుంది. మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల లోపుంటే లోటే. 300 లోపున్నా డాక్టరుతో మాట్లాడు.

రెండోది సోడియం, ఉండాల్సింది 135 నుంచి 145. బీపీ మాత్రల్లో నీరు తీసేవి ఉంటే, పైగా ఉప్పు బాగా తగ్గించేస్తే పడిపోతుంది. నాలుగు రోజుల్లోనే మనుషుల్ని పోల్చుకోలేకపోయినా, మగతగా పడున్నా మతిమరుపని ఇంట్లో కూర్చోకు, ఆసుపత్రికి తీసుకెళ్లు. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టకండి. చాన్నాళ్లుగా తగ్గిన సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే మెదడు నరాల తొడుగు దెబ్బతింటుంది. అందుకే ఆసుపత్రిలో కూడా రోజుకి ఎనిమిది, పది పాయింట్లకి మించి పెరగనివ్వరు.

అదే రక్తంతో థైరాయిడ్, కాల్షియం, షుగరు కూడా చేయించు. వెళ్లేటప్పుడు ఆవిడ వేసుకునే మందుల అట్టలన్నీ, ఆయుర్వేద భస్మాలుంటే అవి కూడా, ఒకే సంచిలో వేసుకెళ్లు. భస్మాల్లో సీసం ఉండొచ్చు, డాక్టరు తనంతట అడగడు. రిపోర్టులొచ్చాక ఫొటో తీసి పంపు.

నీ
రాంబాబు