మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక – విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, గంటస్తంభం దగ్గర మేడ మీద గదిలోనే కలిశాం. సిరిమానోత్సవం నెలలో మాత్రం సమావేశం లేదు. పైడితల్లి అమ్మవారి పండగకి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటే మన మెట్లు ఎక్కేదెవరు? సెప్టెంబరు 21న గురజాడ జయంతికి ఆయన ఇంటికి వెళ్లి దండ వేసి వచ్చాం. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం, చూసుకోండి.

మిగతా సమావేశాలు ఒక ఎత్తు, వేసవిలో జరిగిన చర్చ ఒక ఎత్తు. డిగ్రీ చదివే మన కుర్ర సభ్యులు ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే ఇంగ్లీషు సీరియల్‌లో నెడ్ స్టార్క్ చేసింది ఒప్పా తప్పా తేల్చమన్నారు. ‘మనకు భారతం ఉండగా ఈ గోలేటి?’ అని పెద్దలు మొదట విసుక్కున్నారు. కథ విన్నాక మాత్రం వాళ్లనే ఆపలేకపోయాం.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. చనిపోతున్న చెల్లెలు లియానా చేతిలోంచి నెడ్ ఒక పసివాణ్ణి అందుకుంటాడు. తండ్రి రేగార్, కూలిపోయిన రాజవంశం వాడు. కొత్త రాజు రాబర్ట్ నెడ్‌కు ప్రాణమిత్రుడే, కానీ రేగార్ మిగతా పిల్లల శవాలు తెచ్చి ముందు పెడితే తప్పు పట్టనివాడు. అందుకే నెడ్ ఆ బిడ్డకు జాన్ అని పేరు పెట్టి, తన అక్రమ సంతానమని చెప్పి ఇంటికి తెస్తాడు. భార్య కాట్లిన్‌కు కూడా అసలు సంగతి చెప్పడు. సీరియల్‌కు మూలమైన నవలల్లో ఈ గుట్టు ఇంకా విప్పలేదు. నేను చెబుతున్నది 2016లో సీరియల్ తేల్చిన కథ.

రాజు దగ్గర దాచడం గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కాట్లిన్ గురించే. రిటైరైన తెలుగు మాస్టారు కుంతిని తెచ్చారు. కుంతి తన పరువు కోసం బిడ్డను నీళ్లలో వదిలితే, ఈయన బిడ్డ కోసం తన పరువునే వదిలేశాడు కదా అన్నారు. గదంతా చప్పట్లు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకావిడ లేచి, ‘పరువు ఆయనది పోయింది సరే మాస్టారూ, ఏడుపు ఎవరిది?’ అని అడిగారు. సీరియల్‌లో కాట్లిన్ ఆ బిడ్డ చచ్చిపోవాలని ఒకప్పుడు దేవుళ్లను మొక్కుకున్నానని, ఆ తర్వాత ప్రేమిస్తానని మాటిచ్చి కూడా ప్రేమించలేకపోయానని ఒప్పుకుంటుంది. లేని సవతిని తలుచుకుని ఇన్నేళ్లు కుమిలిపోయిన మనిషి! చప్పట్లు కొట్టినవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

కుర్రాళ్లు ఊరుకోలేదు. జాన్‌కు నిజం తెలిశాక ఏమైందో చూడండి అన్నారు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసిన నెడ్ కూతురు సాన్సాయే మంత్రి టిరియన్‌కు చెప్పింది, అతను వేగులవాడు వేరిస్‌కు చెప్పాడు, అది రాజ్యాల గొడవైంది. మరి నెడ్ భయం నిజమే కదా? ఇది గట్టి వాదనే. కాకపోతే సాన్సా చెప్పిందని ఆమె తల్లి కాట్లిన్ కూడా చెప్పేస్తుందని ఎలా అనుకుంటాం?

కార్యదర్శిగా కాక మామూలు పాఠకుడిగా నా మాట ఒకటి. నన్ను ఎక్కువ బాధపెట్టింది జాన్ సంగతి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పేస్తే, ధర్మరాజుకు ఇది తెలియనీయకు అని కర్ణుడే అడుగుతాడు. తెలిస్తే అతను రాజ్యం తన చేతిలో పెడతాడని, తను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తానని ఎరిగినవాడు. అంటే గుట్టు కాపాడాలా వద్దా అన్నది అతను ఎంచుకున్నాడు. జాన్‌కు ఆ అవకాశమే లేదు. మళ్లీ కలిసినప్పుడు మీ అమ్మ గురించి మాట్లాడుకుందాం అని నెడ్ గుర్రమెక్కి వెళ్తాడు. మళ్లీ కలవలేదు, నెడ్ తల తీసేశారు. పసివాడికి చెప్పకపోవడం సరే, ఉత్తరపు సరిహద్దు గోడ కాపలాకు జీవితాంతం ఒట్టేయబోతున్న కుర్రాడికి కూడా చెప్పకపోతే ఎలా?

ఓటింగు పెట్టలేదు. పెట్టి ఉంటే రాత్రి పదయ్యేది, కిందింటివాళ్లు అప్పటికే రెండుసార్లు తలుపు కొట్టారు.

వచ్చే ఏడాది మొదటి సమావేశానికి తిక్కన ఉద్యోగపర్వం అనుకున్నాం. చిక్కల్లా అలమరాలో ఆ సంపుటం లేకపోవడమే. ఎవరు తీసుకెళ్లారో నాకు తెలుసు, రిజిస్టర్‌లో సంతకం కూడా ఉంది. పేరు మాత్రం ఈ నివేదికలో రాయను, మా ఆవిడకు కూడా చెప్పలేదు. వచ్చే ఆదివారంలోగా తెచ్చి పెట్టేయండి.

ఇట్లు,
కార్యదర్శి