డెన్మార్క్ సేంద్రియం పొలంలో మొదలవలేదు

సంపాదకులకు నమస్కారం.

సేంద్రియ వ్యవసాయం మాట వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో, వాట్సాప్ సందేశాల్లో డెన్మార్క్ పేరు తిరుగుతూ ఉంటుంది. 'ప్రపంచంలో నూటికి నూరు శాతం సేంద్రియమయ్యే తొలి దేశం' అనే వాక్యం ఏళ్ల తరబడి చేతులు మారుతూనే ఉంది. అది నిజం కాదు. ఆ దేశంలో సాగుభూమి దాదాపు 26 లక్షల హెక్టార్లు. అందులో సేంద్రియం సుమారు 3 లక్షల హెక్టార్లు, అంటే తొమ్మిదో వంతు. 2030కల్లా దాన్ని రెట్టింపు చేయాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2022 తర్వాత మాత్రం విస్తీర్ణం పెరగకపోగా కొంత తగ్గింది కూడా.

మరి ఆ దేశాన్ని చూసి నేర్చుకునేది ఏమిటంటే, అంగళ్లలో అమ్ముడయ్యే తిండి విలువలో సుమారు 12 శాతం సేంద్రియానిది కావడం. ఇంత వాటా ప్రపంచంలో చాలా కొద్ది దేశాల్లోనే ఉంది. తాగే పాలలో, గుడ్లలో ఇంకా ఎక్కువ, మూడో వంతు దాకా. ఈ గిరాకీ ఎలా పుట్టిందో మన వ్యాసాల్లో ఎవరూ చెప్పరు.

1987లో అక్కడ సేంద్రియ సాగుపై చట్టం వచ్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే అడ్డగీత కొట్టిన సున్నా లాంటి వాళ్ల అక్షరంతో ఎర్రటి ప్రభుత్వ ముద్ర వచ్చింది. పొలానికి వచ్చి తనిఖీ చేసేది ప్రభుత్వ శాఖే, అందుకు రైతు నుంచి రుసుము తీసుకోరు. మన దగ్గర ఎగుమతి ప్రమాణాల ధ్రువీకరణకు రైతో, రైతు సంఘమో, కొనే కంపెనీయో ఏజెన్సీకి డబ్బు కట్టాలి. సర్టిఫికెట్ ఎవరి పేరున ఉంటే సరుకు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఇది చిన్న తేడా కాదు.

చట్టం వచ్చిన వెంటనే అమ్మకాలేమీ ఎగబాకలేదు. 1993లో సూపర్‌బ్రుగ్‌సెన్ అనే సహకార దుకాణాల గొలుసు సేంద్రియ పాల ధర తగ్గించి, అరల ముందు వరుసలో పెట్టి గట్టిగా ప్రచారం చేసింది. పాలు చాలనంతగా గిరాకీ వచ్చి, పాడి రైతులు మారడానికి ముందుకొచ్చారు. రైతుకు నచ్చజెప్పి, పండించాక కొనేవాళ్ల కోసం వెతకడం మన పద్ధతి. అక్కడ ముందు కొనుగోలు వచ్చింది, దాని వెనక పొలం కదిలింది.

రెండో మెట్టు వంటశాలలు. కోపెన్‌హాగన్ నగరపాలక సంస్థ కింద పసిపిల్లల కేంద్రాలు, బడులు, వృద్ధాశ్రమాల వంటశాలలు 900కు పైగా ఉన్నాయి. 2015కల్లా వాటి సరుకుల్లో 90 శాతం సేంద్రియం కావాలని లక్ష్యం పెట్టుకుంటే దాదాపు 88 శాతానికి చేరుకున్నారు. సరుకుల బడ్జెట్ పెంచలేదు. ఆ ఖర్చు ఎక్కడి నుంచి పూడ్చారన్నదే అసలు కథ. మాంసం తగ్గించి పప్పుధాన్యాలు, దుంపలు పెంచారు. సగం వండి సంచుల్లో వచ్చే సరుకు మానేసి పచ్చి సరుకు కొన్నారు, రొట్టె వంటశాలలోనే కాల్చారు. ఏ కాలానికి దొరికే కూరగాయ ఆ కాలంలోనే కొన్నారు. పారేసే తిండిని తగ్గించారు. ఇవన్నీ చేతి పనులు, కాబట్టి వంటవాళ్లకు శిక్షణ కావాలి. దానికోసం 2007లో ఒక సంస్థనే పెట్టారు. శిక్షణ లేకుండా ఉత్తర్వు మాత్రమే ఇచ్చి ఉంటే ఖర్చు చేయి దాటేది.

లెక్క చూసే పద్ధతి కూడా గట్టిదే. 2009లో వచ్చిన వంటశాలల ముద్రలో మూడు మెట్లు: 30 నుంచి 60 శాతం దాకా కంచు, 60 నుంచి 90 దాకా వెండి, ఆపైన బంగారం. శాతాన్ని కొనుగోలు బిల్లుల మీద, కిలోల్లో గానీ డబ్బులో గానీ కడతారు. సేంద్రియ ధ్రువీకరణే ఉండని ఉప్పు, నీరు, సముద్రపు చేప లాంటివి లెక్కలోకి రావు. తనిఖీ అధికారి ముందు చూసేది బిల్లుల ఫైలే, వంట తర్వాత.

ఇక పొలం సంగతి. ఇక్కడే మన వ్యాసాల్లో అతి ఎక్కువ. అక్కడ జీవామృతం లాంటి ఒక్క ద్రావణం మీద నమ్మకం పెట్టుకున్న సాగు కాదు. నత్రజని ఎక్కడి నుంచి వస్తుంది, కలుపు ఎలా పోతుంది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే పని తిరుగుతుంది. ఎర్ర, తెల్ల క్లోవర్లు అనే మేత మొక్కలను రైగ్రాస్ గడ్డితో కలిపి వసంత కాలపు బార్లీలోనే కింద చల్లుతారు. బార్లీ కోశాక ఆ గడ్డి రెండు మూడేళ్లు నిలుస్తుంది, ఏడాదికి నాలుగు కోతల దాకా వస్తుంది. క్లోవర్ మన పిల్లిపెసర, జీలుగల్లా వేళ్ల బుడిపెల్లో నత్రజని పట్టే పంట. ఆ చేను దున్నిన తర్వాత తొలి ధాన్యం పంటకు బయటి ఎరువు పెద్దగా అక్కరలేదు, రెండో ఏటికి ఆ బలం సగానికి పైగా పోతుంది. దున్నడం వసంతంలోనే. శరదృతువులో దున్నితే పడమటి ద్వీపకల్పం జట్లాండ్ ఇసుక నేలల్లో నత్రజని చాలావరకు వాన నీటితో దిగిపోతుంది. ఆ దేశం తాగేది దాదాపు పూర్తిగా భూగర్భ జలమే. అక్కడి నగరాలు కూడా సేంద్రియం వైపు మొగ్గడానికి బావుల్లో పురుగుమందుల అవశేషాలు కనబడడం ఒక కారణం.

పశువులున్న రైతుకు ఈ గడ్డి మేత అవుతుంది, పేడ తిరిగి పొలానికి చేరుతుంది. ధాన్యం మాత్రమే పండించే తూర్పు దీవుల రైతుకు ఆ చక్రం తెగిపోతుంది. సేంద్రియ పేడ దొరకదు, కొన్నిచోట్ల మామూలు ఫారాల పేడ తెచ్చి వాడుతూనే ఉన్నారు. దాన్ని పూర్తిగా మానాలని సేంద్రియ రంగమే అనుకున్నా ఇప్పటికీ కుదరలేదు. పేడ నుంచి వచ్చే నత్రజనికి యూరప్ నియమం ప్రకారం హెక్టారుకు ఏడాదికి 170 కిలోలే హద్దు. గోధుమ దిగుబడి మామూలు సాగులో హెక్టారుకు 8 టన్నుల దగ్గర ఉంటే సేంద్రియంలో 5 టన్నుల దగ్గర ఆగుతుంది. 'దిగుబడి తగ్గదు' అని మన సభల్లో చెప్పేవాళ్లు ఈ అంకె కూడా చెప్పాలి.

క్యారెట్ మడి ఒకటి చూడండి. విత్తడానికి రెండు మూడు వారాల ముందే మడి సిద్ధం చేసి కలుపు మొలవనిస్తారు. మొలిచాక పైపైన రెండు మూడు సెంటీమీటర్లే గీకుతారు, లోతుకు పోతే కొత్త గింజలు పైకొస్తాయి. తర్వాత విత్తనం. క్యారెట్ మొలకకు పది రోజులు, రెండు వారాలు పడుతుంది, కలుపు దానికంటే ముందు లేస్తుంది. అందుకని వరుస మీద ఒకచోట గాజు పలక పరుస్తారు. దాని కింద మట్టి వెచ్చబడి మొలక ఒకటి రెండు రోజులు ముందు కనబడుతుంది. కనబడిన రోజే మిగతా మడి మీద గ్యాస్ మంట నడిపించాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే పంట మాడుతుంది. మరీ ముందయితే ఆ తర్వాత లేచే కలుపు మిగిలిపోతుంది. మంటతో ఆకు బూడిద కానక్కరలేదు. కణాల్లో నీళ్లు మరిగితే చాలు. ఆకును వేళ్ల మధ్య నొక్కితే ముదురు వేలిముద్ర నిలిచిందంటే పని అయింది. గడ్డి జాతులకు పెరిగే మొన మట్టిలోపలే ఉంటుంది కాబట్టి అవి మళ్లీ లేస్తాయి. ఇంత చేశాక కూడా క్యారెట్లలో చేతి కలుపుకు హెక్టారుకు వంద గంటలకు పైగా పడుతుంది. వంగి నడుములు విరుచుకోకుండా, నెమ్మదిగా నడిచే బండి మీద బోర్లా పడుకుని రెండు చేతులతో పీకుతారు.

గింజను విత్తేటప్పుడే దాని చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని, తర్వాత ఆ గుర్తుల మధ్య కలుపు గీకే సౌర రోబో 'ఫార్మ్‌డ్రాయిడ్' కూడా డెన్మార్క్‌దే. చోటు ముందే తెలుసు కాబట్టి పంట మొలవకముందే వరుసలో పని చేయగలదు. గంటకు కిలోమీటరు కూడా నడవదు, అది దాని లోపం.

అసలు తలనొప్పి ముళ్ల తిసిల్, వేరు పాకే కౌచ్ గడ్డి, అంటే మన తుంగ, గరిక లాంటి మొండి కలుపు. మనకు వేసవి దుక్కి ఉంది. ఎండకు దుంపలు మాడిపోతాయి. అక్కడ కోతల తర్వాత ఆగస్టు, సెప్టెంబర్‌లలో వేళ్లను పైకి లాగి ఆరబెట్టాలి, కానీ వాతావరణం తేమ. పైగా ఆ నెలల్లో నేల ఖాళీగా ఉంచితే నత్రజని కారిపోతుందని, దాన్ని పట్టి నిలిపే పంట వేయమంటారు నియమాల్లో. కలుపు తీయడానికి నేల విప్పాలి, నీటిని కాపాడడానికి కప్పాలి. ఈ పీటముడి ఇంకా విడలేదు.

బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు వస్తే అక్కడ మైలుతుత్తం కూడా చల్లకూడదు. యూరప్ నియమం ప్రకారం సేంద్రియ రైతులకు ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి దాకా అనుమతి ఉంది, డెన్మార్క్ లాంటి కొన్ని దేశాలు మాత్రం రాగి మందులను ఒప్పుకోలేదు. దుంపలను ముందే మొలకెత్తించి నాటడం, తట్టుకునే రకాలు ఎంచుకోవడం, తెగులు ముదరక ముందే ఆకును కోసి గానీ కాల్చి గానీ పంట ఆపేయడం తప్ప మార్గం లేదు. అందుకే దుంప సైజు చిన్నది, దిగుబడి తక్కువ.

పాడిలో నియమాలు ఇంకా ఇరుకు. ఏప్రిల్ 15 నుంచి నవంబర్ 1 దాకా పాలిచ్చే ఆవు రోజుకు కనీసం 6 గంటలు బయట మేయాలి. పాక దగ్గర పచ్చిక ఎంత ఉందో అంతే మంద, ఎందుకంటే ఆవు రోజూ పాలు పిండే చోటికి నడిచి రావాలి. దూడకు 90 రోజులు నిజమైన పాలే. ముందస్తుగా నట్టల మందు పోయడం లేదు, రోగం తేలాకే. పొదుగువాపుకు యాంటీబయాటిక్ ఇస్తే పాలు పారబోసే రోజులు మామూలుకు రెట్టింపు. పన్నెండు నెలల్లో మూడు చికిత్సలు దాటితే ఆ ఆవు పాలు ఆరు నెలలు సేంద్రియం పేరుతో అమ్మకూడదు.

ఇంత కష్టానికి ధర మీద అదనంగా వచ్చేదే జీతం. 2022లో ధరలు మండినప్పుడు కొనేవాళ్లు చౌక దుకాణాల వైపు తిరిగారు, మామూలు పాల ధర ఎగబాకి సేంద్రియంతో తేడా తగ్గిపోయింది. కొందరు రైతులు మామూలు సాగుకు వెనక్కి వెళ్లారు. ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ రావడానికి రెండేళ్ల మార్పు కాలం మొదటి నుంచి లెక్క. ఆ రెండేళ్లలో ఖర్చు సేంద్రియానిది, ధర మామూలుది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో లక్షల మంది రైతులు చేరారు. రైతుల సంఖ్య, ఎకరాల సంఖ్య ప్రతి ఏటా పత్రికల్లో వస్తుంది. బడి మధ్యాహ్న భోజనానికి, సంక్షేమ వసతి గృహాలకు, తిరుమల అన్నప్రసాదానికి మన రాష్ట్రాల్లో వంటశాలల కొరత లేదు. అక్కడికి ఈ పొలాల కందిపప్పు, బియ్యం ఎన్ని క్వింటాళ్లు వెళ్తున్నాయి, ఏ ధరకు, డబ్బు ఎన్ని రోజులకు అందుతోంది? మీ విలేకరులు ఒక జిల్లాలో కనీసం పది వసతి గృహాల కొనుగోలు బిల్లులు అడిగి, వాటి పట్టికను ఎకరాల పట్టిక పక్కనే వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి