స్టిక్కర్లు పీకేశాను

అందరికీ నమస్కారం. మా దగ్గర మెటల్ డిటెక్టర్ అద్దెకి తీసుకున్నవాళ్లకి తెర కింద అంటించిన పసుపు స్టిక్కర్ గుర్తుండే ఉంటుంది: "సెట్టింగులు మార్చవద్దు. ఆన్ చేయండి, ఊపండి, తవ్వండి." పోయిన ఆదివారం కూర్చుని ఐదు మెషీన్ల మీదా ఆ స్టిక్కర్లు పీకేశాను. జిగురు ఇంకా పూర్తిగా వదల్లేదు. చేతికి అంటుకుంటే ఏమీ అనుకోకండి.

ఆ స్టిక్కర్ మీ మంచికే అని చెప్పుకునేవాణ్ని. నిజానికి అది నా సుఖం కోసం పెట్టుకున్నది. మొదటి ఏడాది మెషీన్లు తిరిగొచ్చేసరికి ఒక్కోటి ఒక్కో అవతారంలో ఉండేది. ఒకటి చెవులు పగిలేలా అరిచేది, ఇంకోటి అసలు నోరే మెదిపేది కాదు. ప్రతి ఆదివారం రాత్రి వాటిని దారిలో పెట్టడం విసుగొచ్చి, ఒక మధ్యాహ్నం మా పెరట్లో నిలబడి అన్నిటికీ ఒకే సెట్టింగు పెట్టేశాను. మా పెరడు అంటే మెల్‌బోర్న్ పడమర, టార్నీట్‌లో కొత్త ఇంటి పెరడు. కింద ఎప్పటిదో లావా గడ్డకట్టిన నేల. మీద బిల్డర్ వదిలేసి పోయిన మేకులు, తీగ ముక్కలు, వెండి కాగితం. వీధి చివర పెద్ద కరెంటు లైన్లు. మెషీన్ ఆపకుండా కీచుమంటుంటే సెన్సిటివిటీ (ఎంత సన్న పలుకుని పట్టుకోవాలన్నది) 25లో 14కి దించాను. మెషీన్ ఒక్కో లోహానికి తెర మీద ఒక్కో నంబరు చూపిస్తుంది; మేకులూ రేకులూ వినబడకుండా 10 లోపు నంబర్లన్నీ మూసేశాను. మెషీన్ నోరు మూసుకుంది, నా ప్రాణం హాయిగా ఉంది. ఏడాదిన్నరగా ఆ నిశ్శబ్దాన్నే మీకు అద్దెకిచ్చాను.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది విక్టోరియాలో పాత బంగారు తవ్వకాల ఊరు డనోలీకి వెళ్లొచ్చిన ఒక కుటుంబం వల్ల. అన్న, వదిన, ఇద్దరు పిల్లలు. శుక్రవారం రాత్రి పులిహోర కట్టుకుని రెండు వందల కిలోమీటర్లు కారులో వెళ్లి, రెండు రోజులు ఎండలో తిరిగారు. ఒక్క సీసపు తూటా కూడా దొరకలేదు. ఆ నేలలో 1850ల నుంచి మనుషులు తవ్వుతూ, తుపాకులు పేలుస్తూ ఉన్నారు. బంగారం దొరక్కపోవడం మామూలే కానీ చెత్త కూడా దొరక్కపోవడం మామూలు కాదు. ఆ అన్న కోప్పడలేదు. "మాకు అదృష్టం లేదులే తమ్ముడూ" అని మెషీన్ తుడిచి మరీ ఇచ్చాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి శనివారం నేనే డనోలీ వెళ్లాను. నా దగ్గర అర గ్రాము బంగారపు పలుకు ఒకటుంది, ఎప్పుడో అక్కడే దొరికింది. దాన్ని ఎర్ర మట్టిలో మూడు వేళ్ల లోతున పెట్టి, స్టిక్కర్ సెట్టింగుతో పైన ఊపాను. చడీ చప్పుడూ లేదు. మూసేసిన నంబర్లు తెరిచి, గోల్డ్ మోడ్‌లోకి మార్చి, గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి, అంటే నేల గోల వినబడకుండా మెషీన్‌ని ఆ నేలకి సర్ది, మళ్లీ ఊపాను. సన్నగా, స్పష్టంగా పలికింది. పలుకూ అదే, గుంటా అదే, మెషీనూ అదే. ఆ కుటుంబానికి లేనిది అదృష్టం కాదు. నేనిచ్చిన మెషీన్‌కే చెవుడు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మెషీన్ చూపించే నంబరు ఆ వస్తువు కరెంటుని ఎంత బాగా మోస్తుంది, ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి వస్తుంది. చిన్న బంగారపు పలుకు, చాక్లెట్ చుట్టిన రేకు దాదాపు ఒకే చోట పలుకుతాయి. ఇనుము ఎక్కువగా ఉన్న నేలలో చిన్న పలుకు నంబరు ఇంకా కిందికి జారి ఇనుములా కూడా కనబడొచ్చు. రేకు వద్దని ఆ కిటికీ మూస్తే బంగారానికీ అదే కిటికీ మూసినట్టు. అందుకే బంగారు నేలలో పాతకాపులు ఏదీ మూయరు, పలికిన ప్రతిదీ తవ్వుతారు. మేకులు తవ్వి తవ్వి నడుం పడిపోతుంది, నిజమే. ఆ నడుం నొప్పి ఇష్టం లేనివాళ్లు బీచ్‌కి వెళ్లడమే మేలు.

డనోలీ, మోలియాగుల్, టార్నగల్లా వైపు వెళ్లేవాళ్లు గ్రౌండ్ బ్యాలెన్స్‌తోనే మొదలుపెట్టండి. అక్కడి ఎర్ర నేలలో, ఇనుపరాళ్లలో ఉన్న ఖనిజం మెషీన్‌కి లోహంలాగే వినబడుతుంది. లోహం లేని ఒక చోటు చూసుకుని, బటన్ నొక్కి పట్టుకుని, కాయిల్‌ని (కింద ఊపే గుండ్రటి పళ్లెం) నేలకి సమంగా జానెడు పైకి, మళ్లీ కిందికి ఆడించండి. నేల పలకడం ఆగేదాకా ఆడించాలి. వాగు దాటినా, మట్టి రంగు మారినా మళ్లీ చేయాలి. పొద్దున ఒకసారి చేసి సాయంత్రం దాకా అదే చాలనుకోవడం ఒకప్పుడు నేను చేసిన పొరపాటే.

రెండోది సెన్సిటివిటీ. ఎక్కువ పెడితే ఎక్కువ లోతు చూస్తుందని అందరం అనుకుంటాం. అలాంటి నేలలో ఎక్కువ పెడితే మెషీన్ నేలనే వింటూ కూర్చుంటుంది, ఆ గోలలో అసలు పలుకు మునిగిపోతుంది. పూర్తిగా పెంచి, మాటిమాటికీ ఉలిక్కిపడటం మానేదాకా ఒక్కొక్కటే దించుకుంటూ రండి. ఎక్కడ ఆగాలో నేను చెప్పలేను, ఆ నేలే చెబుతుంది.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. లోతైన బంగారానికి పల్స్ ఇండక్షన్ మెషీన్లు వేరే ఉన్నాయి, వేల డాలర్ల సరుకు, నా దగ్గర లేవు. నేను అద్దెకిచ్చేవి ఈక్వినాక్స్ 800లు. 1869లో మోలియాగుల్‌లో జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్‌లకి దొరికిన వెల్‌కమ్ స్ట్రేంజర్ 70 కిలోల పైచిలుకు బరువుండి కూడా నేలకి రెండంగుళాల లోతు కూడా లేదు. డిటెక్టర్లు పుట్టకముందు మాట అది. 1980లో కింగవర్ దగ్గర కెవిన్ హిల్లియర్‌కి డిటెక్టర్‌తో దొరికిన హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ 27 కిలోలది. ఈ కథలు విని వచ్చేవాళ్లే ఎక్కువ. నా కస్టమర్లకి ఇప్పటిదాకా దొరికినవన్నీ కలిపితే ఒక జత కమ్మలకి కూడా చాలవు. వెళ్లే ముందు మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి ప్రభుత్వ అనుమతి) తీసుకోవడం తప్పనిసరి, ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, పదేళ్లు పనిచేస్తుంది. అది ఉన్నంత మాత్రాన ఎక్కడైనా తవ్వొచ్చని కాదు. నేషనల్ పార్కుల్లో చాలావరకు కుదరదు, పొలమైతే యజమాని ఒప్పుకోవాలి. తవ్విన ప్రతి గుంటా పూడ్చండి. పాత గని గోతుల దగ్గర పిల్లల చెయ్యి వదలకండి.

ఇక బీచ్. ఇక్కడ నేను పడిన సిగ్గు ఇంకా పెద్దది. ఆల్టోనా బీచ్‌లో ఒక కొత్త జంట నిశ్చితార్థపు ఉంగరం పోగొట్టుకుని పరుగెత్తుకొచ్చారు. స్టిక్కర్ మెషీనే చేతిలో పెట్టి పంపాను. తడి ఇసుకలో ఉప్పు నీరు ఉంటుంది, ఉప్పు నీరు కరెంటుని మోస్తుంది, పార్క్ మోడ్‌లో ఉన్న మెషీన్ దాన్ని లోహమనుకుని పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. వాళ్లు భయపడి పొడి ఇసుకకి పరిమితమయ్యారు. బీచ్ 1 మోడ్‌లో పెట్టి, తడి ఇసుక మీదే గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి, కాయిల్‌ని మెల్లగా ఊపితే పని జరిగేది. నీళ్లలోకి దిగితే బీచ్ 2, అందులో మెషీన్ తన బలం తానే తగ్గించుకుంటుంది. అక్కడ ఒకే ఫ్రీక్వెన్సీ పనికిరాదు, ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడే మల్టీలోనే ఉంచండి.

అంతకన్నా పెద్ద సంగతి ఆ అబ్బాయి మాటల్లో బయటపడింది. యూట్యూబ్‌లో ఎవరో బంగారు ఉంగరాలు ఫలానా నంబర్ల మధ్యే పలుకుతాయి అన్నారట. దానికి పైన పలికినవన్నీ నాణేలని వీళ్లు వదిలేశారు. ఆ వీడియోలు చేసేవాళ్ల ఉంగరాలు 9, 14, 18 క్యారెట్లవి. మనవి 22 క్యారెట్లు! బంగారంలో కలిపిన వేరే లోహం తగ్గేకొద్దీ అది కరెంటుని బాగా మోస్తుంది, నంబరు పైకెక్కుతుంది. ఇంటికొచ్చి నా పెళ్లి ఉంగరాన్ని, పక్కింటాయన 9 క్యారెట్ల ఉంగరాన్ని టేబుల్ మీద పెట్టి చూశాను. సైజు దాదాపు ఒకటే, నంబర్లకి మాత్రం పొంతనే లేదు. నాది వెళ్లి నాణేల వీధిలో కూర్చుంది. ఇన్నేళ్లు ఈ వ్యాపారం చేస్తూ, సగానికి పైగా తెలుగువాళ్లకే అద్దెకిస్తూ, నాకిది తట్టలేదు.

మర్నాడు పొద్దున సముద్రం వెనక్కి తగ్గిన వేళ నేనే వెళ్లి మూడు గంటలు వెతికాను. డబ్బా మూతల రింగులు, ఒక రెండు డాలర్ల నాణెం, ఒక గాలం సీసం. ఉంగరం దొరకలేదు. అద్దె తిరిగిచ్చేశాను. ఆ అమ్మాయి థాంక్స్ చెబితే తల ఎత్తలేకపోయాను.

గొలుసులు పోగొట్టుకున్నవాళ్లకి ఒక మాట. సన్న గొలుసుని ఏ డిటెక్టర్ అయినా సరిగా పట్టదు, మెషీన్‌కి అది ఒక్క వస్తువులా కాకుండా ఒక్కొక్క చిన్న లంకెలా కనిపిస్తుంది. నల్లపూసలు పోతే సూత్రాల బిళ్లల కోసం వెతకండి. బిళ్ల పలుకుతుంది, గొలుసు దాని వెంట వస్తుంది.

పార్కులు, పాత ఇళ్ల పెరళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కరెంటు తీగల కింద గోల చేస్తే ముందు నాయిస్ క్యాన్సిల్ నొక్కండి, సెన్సిటివిటీ తర్వాత దించుకోవచ్చు. చెత్త ఎక్కువ ఉన్నచోట పెద్ద కాయిల్ తీసి ఆరంగుళాలది పెట్టి, రికవరీ స్పీడ్ (ఒక పలుకు తర్వాత ఇంకోదాన్ని ఎంత త్వరగా పట్టుకుంటుందన్నది) పెంచండి. అప్పుడు మేకు పక్కనే ఉన్న నాణెం విడిగా వినబడుతుంది. పెంచేకొద్దీ లోతు కొంచెం తగ్గుతుంది. 1945 దాకా వచ్చిన ఆస్ట్రేలియా వెండి నాణేల్లో 92.5 శాతం వెండే, అవి తెరమీద పై నంబర్లలో చక్కగా గంట కొట్టినట్టు పలుకుతాయి. కౌన్సిల్ పార్కులో తవ్వొచ్చో లేదో ముందే అడగండి.

మాటల్లో మాట, నెలకి రెండు మూడు ఫోన్లు వస్తాయి: "అన్నా, ఇండియాకి పోతున్నాం, మా ఊర్లో కోట గోడ దగ్గర నిధి ఉందంటున్నారు, ఒక మెషీన్ ఇస్తావా?" ఇవ్వను. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాలి. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల దగ్గర తవ్వకం నేరం. మాది కర్నూలు వైపే. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి వంగి తిరగడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్నే. దానికీ మెషీన్ అడిగారు ఒకాయన. వజ్రం లోహం కాదండీ, ఈ మెషీన్‌కి అది గులకరాయితో సమానం. దానికి కళ్లే కావాలి.

ఇప్పుడు మారేవి. ప్రతి మెషీన్ తిరిగి రాగానే ఫ్యాక్టరీ సెట్టింగులకి మార్చి ఉంచుతాను. ఆదివారం రాత్రి విసుగు నాది, మీది కాదు. గరాజ్‌లో రెండు తొట్లు పెట్టాను, ఒకదాంట్లో డనోలీ ఎర్ర మట్టి లాంటిది, ఇంకోదాంట్లో ఉప్పు నీళ్లు పోసిన ఇసుక. తీసుకెళ్లేముందు ఇరవై నిమిషాలు ఆ తొట్ల మీద మీ చేతే గ్రౌండ్ బ్యాలెన్స్ చేయిస్తాను, తొందరలో ఉన్నా వదలను. అందుకని శుక్రవారం సాయంత్రం ఐదుగురికన్నా ఎక్కువమందిని తీసుకోలేను, ముందే చెప్పండి. అద్దె పెంచడం లేదు.

స్టిక్కర్ ఉన్న ఏడాదిన్నరలో అద్దెకి తీసుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక వారాంతం ఉచితం. రసీదు అక్కర్లేదు, ఎక్కడికి వెళ్లారో చెబితే చాలు. డనోలీ అన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే పులిహోర ఈసారి నువ్వు తేవాలి" అన్నాడు. స్కూలు సెలవుల్లో ఇద్దరం కలిసి వెళ్తున్నాం. ఆ మూడు రోజులు షాపు మూసి ఉంటుంది.

నాలుగో నంబరు మెషీన్ కాయిల్ తీగ వదులైంది, రిపేరుకి పంపాను, ఈ నెలాఖరుదాకా నాలుగే ఉంటాయి. బీచ్‌కి తీసుకెళ్లినవాళ్లు దయచేసి మంచినీళ్లతో కడిగి ఇవ్వండి.