ట్యూబు మార్చే ముందు మీటరు తీయాలి

సంపాదకులకు,

అయ్యా,

వాక్యూమ్ ట్యూబులతో (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో) ఇంట్లోనే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కట్టుకోవడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. తయారీ గురించి చక్కగా వివరించిన ఆ వ్యాసం, కట్టిన తర్వాత అది సరిగా పలకకపోతే ఏం చేయాలన్నది మాత్రం ట్యూబు మార్చి చూడమన్న ఒక్క వాక్యంతో ముగించింది. ఆ సలహాతో నేను ఏకీభవించలేను. కొత్తగా కట్టిన యాంప్లిఫయర్‌లో దోషం ఎక్కువగా ట్యూబుకు బయటే ఉంటుంది.

నేను కట్టుకున్న దానిలో మొదటి పావుగంట రెండు చెవులకూ సంగీతం సమానంగా వినిపించేది. ఆపైన ఎడమ వైపు గొంతులన్నీ బొంగురుపోయేవి. రెండుసార్లు కొత్త ట్యూబులు తెచ్చి పెట్టినా ఫలితం లేకపోయింది. చివరికి రెండు ఛానళ్లలోనూ (ఎడమ, కుడి చెవులకు వేర్వేరుగా ఉండే సర్క్యూట్లలో) రెండో దశ ట్యూబు కాథోడ్ (ఎలక్ట్రాన్లను వెలువరించే భాగం) దగ్గరున్న 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీద వోల్టేజీని మల్టీమీటరుతో కొలిచాను. కుడి వైపు 5 వోల్టులు, ఎడమ వైపు 8 వోల్టులు కనిపించాయి. అంటే 5 మిల్లీఆంపియర్లు ప్రవహించాల్సిన చోట 8 ప్రవహిస్తున్నాయన్న మాట. సున్నా వోల్టుల దగ్గర ఉండవలసిన గ్రిడ్ (ట్యూబులో కరెంటును అదుపు చేసే జాలి) 4 వోల్టులకు పైగా పాజిటివ్‌లో ఉంది. స్విచ్ ఆపి, ఆ ట్యూబును ఊడదీసి, ట్యూబు లేకుండానే తిరిగి స్విచ్ వేసి కొలిస్తే గ్రిడ్ కాలి దగ్గర ఆ వోల్టేజీ అలాగే నిలిచింది. ట్యూబే లేనప్పుడు కూడా అక్కడికి వోల్టేజీ వస్తోందంటే, అది ముందు దశ ట్యూబు ప్లేటు (హై వోల్టేజీ ఉండే భాగం) నుంచి, డీసీని ఆపి సంగీతాన్ని మాత్రమే పంపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ గుండా కారుతున్నదే కావాలి. వేడెక్కేకొద్దీ ఆ లీకేజీ పెరగడం వల్లే మొదటి పావుగంట ఏ లోపమూ తెలియలేదు. ఆ ఒక్క కెపాసిటర్ మార్చడంతో సమస్య తీరింది. స్టీరియో యాంప్లిఫయర్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే: బాగున్న ఛానలే చెడిపోయినదానికి కొలబద్దగా పనికొస్తుంది.

ట్యూబును అనుమానించాల్సి వస్తే, కొత్తది కొనకుండానే తేల్చుకోవచ్చు. ఎడమ, కుడి ట్యూబులను అటూ ఇటూ మార్చి పెట్టినప్పుడు దోషం కూడా ట్యూబుతో పాటు పక్కకు వెళ్తే అది ట్యూబుదే, కదలకపోతే కాదు. అయితే సాకెట్‌లో పెడుతున్నది సరైన రకమేనా అని ముందు చూసుకోవాలి. ఈసీసీ82, ఈసీసీ88 రకం ట్యూబులు రెండూ తొమ్మిది కాళ్లవే అయినా వాటి హీటర్ (కాథోడ్‌ను వేడిచేసే తీగ) అమరిక వేరు. 4, 5 కాళ్ల మధ్య 6.3 వోల్టులు ఇచ్చే ఈసీసీ88 సాకెట్‌లో ఈసీసీ82 పెడితే, దాని హీటర్‌కు కావలసిన దానిలో సగం వోల్టేజీయే అందుతుంది. కాళ్లను సాకెట్ అడుగు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కించాలన్నది మరచి, పైనుంచి లెక్కించి తీగలు కలిపేవారు కూడా ఉన్నారు.

హోరు విషయంలో చెవి కూడా మంచి పరికరమే. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ ఉన్న చోట, లోతుగా వినిపించే 50 హెర్ట్జ్ హోరు సాధారణంగా హీటర్ తీగల నుంచో, గ్రౌండ్ కలిపిన తీరు నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచో వస్తుంది. కాస్త గరుకుగా ఉండే 100 హెర్ట్జ్ హోరైతే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) తర్వాత మిగిలే ఒడుదొడుకులను తగ్గించే ఫిల్టర్ చాలడం లేదని అనుకోవాలి.

వ్యాసంలో అసలు లేని భద్రత గురించి నాకు నిజంగా ఆందోళనగా ఉంది. ఇలాంటి యాంప్లిఫయర్లలో 150 నుంచి 300 వోల్టుల డీసీ ఉండడం మామూలు విషయం. స్విచ్ ఆపి ప్లగ్ తీసేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన ఛార్జి నిలిచి ఉండవచ్చు కనుక, తగిన వాటేజీ గల రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటరుతో నిర్ధారించుకున్న తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకూడదు. పరీక్షించేటప్పుడు హెడ్‌ఫోన్ తలకు పెట్టుకోనే కూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని డిజైన్లలో హై వోల్టేజీకీ చెవులకూ మధ్య అడ్డుగా ఉండేది చాలాసార్లు ఒక్క కెపాసిటరే. కాబట్టి హెడ్‌ఫోన్ బదులు ఒక రెసిస్టర్ కలిపి, యాంప్లిఫయర్ వేడెక్కాక అవుట్‌పుట్‌లో డీసీ దాదాపు సున్నాకు చేరిందని చూసుకున్న తర్వాతే హెడ్‌ఫోన్ తగిలించాలి.

ఆ వ్యాసానికి కొనసాగింపు వేసే ఆలోచన ఉంటే, సర్క్యూట్ చిత్రం మీద ప్రతి ట్యూబు ప్లేటు, గ్రిడ్, కాథోడ్ దగ్గర ఉండవలసిన వోల్టేజీలను కూడా ముద్రించవలసిందిగా కోరుతున్నాను. పాత రేడియోల సర్వీసు పటాల్లో ఈ అంకెలు ఉండేవి. మీరు వేసిన చిత్రంలో ఒక్కటీ లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు