ఫిబ్రవరిలో రాకు

చి. చిన్నికి అమ్మ దీవెనలు.

ఫిబ్రవరి సెలవులకి ఇంటికొచ్చేస్తానని మొన్న అన్నావు. మీ నాన్న ఆ రాత్రే టికెట్లు వెతకడం మొదలెట్టారు. నేను మాత్రం వద్దంటున్నాను. ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను మెత్తబడిపోతాను. అందుకే రాస్తున్నాను.

నీ దిగులు నాకు తెలియదనుకోకు. మేం అన్నాలు తినేసి టీవీ ముందు కూర్చునే రాత్రి తొమ్మిదికి, వియన్నాలో సాయంత్రం నాలుగున్నర. అప్పటికే నీ కిటికీ అవతల చీకటి. ఆదివారమైతే కొట్లు కూడా మూసేస్తారు. హాస్టల్ కిచెన్‌లో ఒక్కదానివే నిలబడి, అడుగంటిన పప్పు గిన్నె వీడియోలో చూపించి నవ్వావే, ఆ నవ్వు చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయినా ఒక్కసారి ఆలోచించు. నువ్వెళ్ళింది ఏడాదికే. అక్టోబరు నుంచి జనవరి దాకా క్లాసులు, డ్రాయింగులు, పరీక్షల టెన్షన్. మార్చిలో రెండో సెమిస్టర్ మొదలైతే మళ్ళీ జూన్ దాకా అదే పరుగు. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి దొరికేది ఈ ఒక్క నెలే. అది కాస్తా ఇక్కడ పెళ్ళిళ్ళకీ చుట్టాలిళ్ళకీ తిరగడానికి పోతుంది.

ఆర్కిటెక్చర్ చదివేదానివి, కార్ల్ మార్క్స్ హోఫ్ ఇంకా చూడలేదంటావేమిటి? కిలోమీటరు పైగా పొడవున్న కట్టడం. కార్మికుల కుటుంబాల కోసం నగరపాలక సంస్థే కట్టించింది, 1930లో పూర్తయింది. యూ4 మెట్రో ఎక్కి చివరి స్టేషన్లో దిగితే ఎదురుగానే ఉంటుంది. ఒక పూట వెళ్ళి, ఆ ప్రాంగణాల్లో కూర్చుని బొమ్మలు వేసుకో. టికెట్ డబ్బుల్లో కొంత పెట్టి రైలెక్కితే గంటలో బ్రాటిస్లావా, ఇంకో దేశం!

ఒపేరా మనకెందుకులే అనకు. నిలబడి చూసే టికెట్లు చవగ్గానే ఉంటాయట. అక్కడ చోటు పోకుండా కమ్మీకి స్కార్ఫ్ కట్టి వెళ్ళేవాళ్ళట. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్న వంశం మనది, నీకు ఒకరు నేర్పాలా? చున్నీ కట్టు.

మీ తాతయ్య సంగతి వేరు. నువ్వు వియన్నా అనగానే "సుభాష్ చంద్రబోస్ ఉన్న ఊరు" అని వీధంతా చెప్పుకొచ్చారు. 1934లో బోస్‌కి, తర్వాత ఆయన భార్య అయిన ఎమిలీ షెంకెల్ పరిచయమైంది కూడా అక్కడేనని ఈమధ్య గుర్తొచ్చినట్టుంది. అప్పట్నుంచి "పిల్లని ఫిబ్రవరిలో రప్పించెయ్యండి" అని ఒకటే గొడవ. ఆయన్ని నేను చూసుకుంటాను.

నీకు 2 వచ్చిందంటే మీ నాన్న మొహం మాడిపోయింది. అక్కడ 1 అన్నిటికన్నా మంచి మార్కనీ, 5 వస్తేనే ఫెయిలనీ చెప్పేసరికి తేరుకున్నారు. అన్నట్టు, నీళ్ళ సీసాలు కొనడం ఇకనైనా మానెయ్. 1873 నుంచీ ఆ ఊరికి ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు వస్తున్నాయని నువ్వే చెప్పి, మళ్ళీ కొనుక్కోవడమేమిటి?

పార్శిల్లో జంతికలు, కందిపొడి, గోంగూర పచ్చడి పెడుతున్నాను. నెయ్యి అడక్కు, బయటి దేశాల పాలసరుకు యూరప్‌లోకి రానివ్వరట. టికెట్లు వెతకడం ఆపమని నాన్నకి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నేను చెబితే వినరు.

ఉంటాను,
అమ్మ